ముల్లు ఎత్తిన చోటు

ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభైకి మా వదిన పార్వతి వంటింటి గట్టు దగ్గర నిలబడి కరివేపాకు దూస్తోంది. పొయ్యి మీద ఉప్మాకి ఎసరు మరుగుతోంది. గేటు చప్పుడైంది. గణపతి లోపలికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో ఉన్న పలచటి చదరపు పార్సిల్‌ని రెండు చేతుల్లోకీ తీసుకుని, "వదినా, కోప్పడకు. కొనేశాను" అన్నాడు. వదిన వెనక్కి తిరగలేదు. "కొన్నావు సరే. ముందు చెప్పులిప్పు" అంది.

ఏం కొన్నాడో చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి. మా అన్నయ్య సింహాచలం కిందటి వానాకాలంలో పోయాడు. రిటైరయ్యాక బిలాస్‌పూర్‌లో తోర్వా పేటలో కట్టుకున్న ఆ ఇంట్లో ముందుగది నిండా రికార్డులే. అన్నీ సినిమా సంగీతమే. అయితే పాటలు తక్కువ. తెర మీద మనుషులు మాట్లాడనప్పుడు వెనక వినిపించే సంగీతాన్ని విడిగా రికార్డుగా వేస్తే, అలాంటివి ఎక్కడ దొరికినా తెచ్చేవాడు. ఆయన ఉన్నంతకాలం ఆదివారం పొద్దున్న నలుగురం ఆ గదిలో కూర్చునేవాళ్ళం. అన్నయ్య, నేను, మా మేనత్త కొడుకు అప్పన్న బావ, గణపతి. బావ ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. గణపతి మాకంటే చాలా చిన్నవాడు, బోద్రీలో ఉన్న హైకోర్టులో వకీలు. వాళ్ళ నాన్న, మా అన్నయ్య ఒకే ఆఫీసులో పనిచేశారు. ఆ పరిచయం మీద వచ్చి, రికార్డు వినడం నేర్చుకుని, వెళ్ళకుండా ఉండిపోయాడు. నేను రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అదే ఊళ్ళో దయాల్‌బంద్‌లో ఉంటాను. అన్నయ్య పోయాక కూడా ఆదివారాలు మానలేదు. వదిన టిఫిన్ చేసేది. తినేవాళ్ళం, ఎవరి బీపీ సంగతి వాళ్ళు చెప్పుకునేవాళ్ళం, లేచి వెళ్ళిపోయేవాళ్ళం. రికార్డు మాత్రం వేయలేదు. ప్లేయరు మీద వదిన పాత చీర ముక్క కప్పింది. వారం వారం ఆ గుడ్డ తీసి, ప్లేయరు తుడిచి, మళ్ళీ కప్పేది. వేద్దామని ఎవరూ అనలేదు.

అలా ఉండగా గణపతి ఒక కబురు తెచ్చాడు. మా అన్నయ్యకి అన్నిటికంటే ఇష్టమైన రికార్డు ఒకటుంది. ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్ళు వెంటనే ఫోన్లో వెతికి, రెండు నిమిషాలు విని, ఇంతేనా అనుకుంటారు. ఆ సంగీతం అసలు టేపులు ఎక్కడో గిడ్డంగిలో దొరికాయట. వాటిని శుభ్రం చేసి మళ్ళీ పెద్ద రికార్డుగా అచ్చువేశారు. దాన్ని రీమాస్టర్ అంటున్నారు. కొనాలా వద్దా అన్నదే ఆ తర్వాత చాలా ఆదివారాలు మా చర్చ.

"ఉన్నదాన్నే మల్లా కొనడమేటి?" అనేవాడు బావ. "మొహం కడుక్కున్నంత మాత్రాన మనిషి మారిపోతాడేటి?"

"మామా, నువ్వు కంటి ఆపరేషన్ చేయించుకున్నావు కదా. తర్వాత అత్త మొహం సాఫ్‌గా కనబడిందా లేదా?"

"కనబడింది. అందుకే సెప్తన్నాను, పాతదే నయం."

వంటింట్లోంచి వదిన అందుకునేది. "ఈ మాట ఒదిన్ని పిలిచి చెప్పీమంటారా అన్నయ్యా?"

"సెప్పుకో తల్లీ. రాత్రికి బువ్వ మాత్రం నువ్వే పెట్టాల మరి."

నవ్వులైపోయాక మళ్ళీ మొదలుపెట్టేవారు. గణపతి వాదన, పాతదాంట్లో సగం వాయిద్యాలు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయనీ, వాటిని వినకుండా ఆ సంగీతం తెలుసనుకోవడం తప్పనీ. బావ వాదన, ఇన్నేళ్ళు విన్న గరగర కూడా ఆ సంగీతంలో భాగమైపోయిందనీ, అది తీసేస్తే మిగిలేది వేరేవాళ్ళ రికార్డనీ. ఇద్దరూ నా వంక చూసేవారు. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళేదాన్ని. నాకు వద్దనే ఉండేది. కారణం పైకి చెప్పుకునేలాంటిది కాదు. అన్నయ్యా నేనూ ఇన్నేళ్ళూ పక్కపక్కన కూర్చుని విన్నది ఆ పాత రికార్డు. కొత్తదాంట్లో ఇంకేదో వినిపిస్తే, అది అన్నయ్య వినని సంగతి అవుతుంది. ఆయన వినని చోటికి నేనొక్కదాన్నీ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆయన పోయాక నాకు మిగిలినవాటిలో ఆ రికార్డు ముఖ్యమైనది. దాన్ని కదపడం నాకు ఇష్టం లేదు.

మా చిన్నప్పటి క్వార్టరు రైలుపట్టాల పక్కనే. మధ్యలో ఒక డ్రైన్, ఒక ముళ్ళతీగ, అంతే. నాన్న గూడ్స్ గార్డు. డ్యూటీ నుంచి వస్తే ముందు వరండాలో ఇనప పెట్టె దించిన చప్పుడు వినిపించేది. అమ్మ అప్పుడు కుంపటి మీద నీళ్ళు పెట్టేది. నాన్న చొక్కా నుంచి బొగ్గు ధూళి, లాంతరు కిరసనాయిలు, చెమట కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన వస్తే ఇంట్లో పిల్లలం గట్టిగా మాట్లాడకూడదు. స్నానం చేసి, ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిని, పగలనకా రాత్రనకా పడుకునేవాడు. నిద్ర లేచాక మనిషి మారిపోయేవాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, టీ తాగి, "ఏటి వేద్దాం?" అనేవాడు. అంటే రికార్డు. మా లైన్లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు వదిలి వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తే, నాన్న ఆ ఇంటి మంచం కొనడానికి వెళ్ళి రికార్డ్ ప్లేయరు కొనుక్కొచ్చాడు. అమ్మ చాలాకాలం నేల మీదే పడుకుంది. ఆ ప్లేయరు ఎప్పుడు పాడైనా "మంచం కిర్రుమంటన్నాదా?" అని అడిగేది.

రైలు పక్కన ఇంట్లో రికార్డు వేయడం అంత తేలిక కాదు. లోడు బండి వెళ్తుంటే గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. ముల్లు ఎగిరి పడేది. ఎగిరినచోటల్లా రికార్డు మీద గీత పడేది. నాన్న దానికి ఒక ఉపాయం చేశాడు. ముందుగదిలో పైకప్పుకి మా ఇద్దరి ఉయ్యాలలు కట్టిన కొక్కేలు ఉండేవి. వాటికి తాళ్ళు కట్టి, నాలుగు మూలలా బిగించి, ఒక టేకు బల్లని వేలాడదీశాడు. దాని మీద ప్లేయరు పెట్టాడు. నేల అదిరినా అదురు తాళ్ళలోనే ఆగిపోయేది. ఖాళీ బండ్లకి ఆ బల్ల సరిపోయేది. బొగ్గు లోడుతో వెళ్ళే బండ్లకి అది కూడా చాలేది కాదు. అప్పుడు ముల్లు ఎత్తాల్సిందే. ఆ పని అన్నయ్యది. బల్ల పక్కన పీట వేసుకుని, రికార్డు తిరుగుతున్నంతసేపూ చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవాడు. దూరంగా మోత మొదలవగానే మెల్లగా ముల్లు ఎత్తేవాడు. బండి వెళ్ళిపోయాక దించేటప్పుడు సంగీతం మధ్యలో దించకూడదని నాన్న నియమం. మధ్యలో దించితే ఆ చోట గాటు పడుతుంది. రికార్డు మీద ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య నున్నటి సందు కనిపిస్తుంది. అక్కడే దించాలి. అందుకని బండి వచ్చిందంటే ఆ ముక్కలో మిగిలింది పోయినట్టే. దానికి ఎవరూ బాధపడేవారు కాదు. మళ్ళీ వేసినప్పుడు వినవచ్చు.

పాటలు లేని రికార్డుల పిచ్చి కూడా ఆ క్వార్టర్లలోనే పుట్టింది. మా ఇంటికి ఒక పక్క బెంగాలీ వాళ్ళు, ఇంకో పక్క ఛత్తీస్‌గఢీ వాళ్ళు. తెలుగు పాట వేస్తే వాళ్ళు మర్యాదకి కాసేపు కూర్చుని లేచిపోయేవారు. ఒకసారి నాన్న మాటల్లేని సంగీతం వేస్తే పక్కింటి బెంగాలీ మాసీ తరుగుతున్న కూర పళ్ళెంతో సహా వచ్చి, అయిపోయేదాకా కదలలేదు. ఆ తర్వాత నాన్న అలాంటివే వెతికేవాడు. రైల్వే పాస్ మీద సొంతూరు వెళ్ళే తెలుగువాళ్ళందరికీ చెప్పి పంపేవాడు. నేను చెబుతున్న రికార్డు మాత్రం అన్నయ్యే తెచ్చాడు. అప్పుడే ఉద్యోగంలో చేరాడు. మొదటి పాస్ తీసుకుని విశాఖపట్నం వెళ్ళి, కొట్టులో అడిగితే, "పాటలు లేని సినిమా రికార్డేటి బాబూ, మాటలు లేని పెళ్ళాన్ని అడిగినట్టు" అని కొట్టతను నవ్వాడట. వచ్చేటప్పుడు బెర్తు మీద పెడితే వంగిపోతుందని, ఎవరైనా కూర్చుంటారని, దారంతా గుండెకి ఆనించుకుని వచ్చాడు. స్టేషన్లో దిగినప్పుడు అట్ట మీద చెమట మరకలున్నాయి.

ఆ సాయంత్రం మొదటిసారి వేశాం. మాసీ కూడా ఉంది. రెండో వైపు మూడో ముక్క నడుస్తోంది. సినిమా మొత్తానికీ ప్రాణంలాంటి బాణీ అందులో మొదలవుతుంది. క్లారినెట్ మీద నాలుగు మెట్లు ఎక్కి, ఐదో మెట్టు దగ్గర ఆగుతుంది. ఆగి మళ్ళీ మొదటి నుంచి ఎక్కుతుంది. అలా ఎక్కుతుండగా అడుగు నుంచి సన్నగా మోత మొదలైంది. "గాడీ ఆ రహీ హై" అంది మాసీ, బండి వస్తోందని. నాన్న చెయ్యెత్తాడు, ఎర్రజెండా పట్టుకున్నట్టు. అన్నయ్య ముల్లు ఎత్తాడు. అందరం కూర్చున్నాం. గ్లాసులు మోగలేదు. బండి రాలేదు.

"రాలేదేటి?" అంది అమ్మ.

"ఔటర్లో పట్టీసుంటారు" అన్నాడు నాన్న. ఔటర్ అంటే స్టేషన్ బయట సిగ్నల్. లైను ఖాళీ లేకపోతే బండిని అక్కడే ఆపుతారు. గూడ్స్ గార్డు చెప్పిన మాట. ఎవరు కాదంటారు? అన్నయ్య తర్వాతి సందులో ముల్లు దించాడు. మరోసారి వేసినప్పుడు మళ్ళీ అక్కడే మోత వినిపించింది, అన్నయ్య ఎత్తాడు, ఆసారి నిజంగానే బండి వచ్చింది. ఆ లైన్లో బండి రాని గడియ తక్కువ. ఆ తర్వాత ఇంక ఎవరూ ఏమీ అనుకోలేదు. రైల్వేవాళ్ళ ఇంట్లో అలాంటి మోత వినిపిస్తే అది రైలు కాక ఇంకేదో అయి ఉంటుందన్న ఆలోచన రాదు.

తోర్వా ఇంటికి వచ్చాక ప్లేయరు కొత్తది, గది నేల గట్టిది. బండ్ల కూత వినిపిస్తుంది గాని నేల అదరదు. అయినా ఆ ముక్కలో ఆ చోట మోత వచ్చింది. అప్పుడు అన్నయ్య ఇంకో తీర్పు చెప్పాడు. అచ్చులో దోషం ఉందనీ, మిషను మోత రికార్డులోకి ఎక్కేసిందనీ, దాని మీద ముల్లు నడిపిస్తే ముల్లు పాడవుతుందనీ. అలా ఎత్తుతూనే ఉన్నాడు. ఆ సినిమా బిలాస్‌పూర్‌కి ఎప్పుడూ రాలేదు. మేము ఎక్కడా చూడలేదు. అందుకని ఆ బాణీ మాకు ఎప్పుడూ ఐదో మెట్టు దగ్గరే ఆగిపోయేది. అన్నయ్య బాగా చదువుకున్న మనిషి. దాని మీద ఒక సిద్ధాంతమే కట్టాడు. తెలుగు సంఘం ఉగాది సభలో ఒకసారి రికార్డు పట్టుకెళ్ళి వినిపించి మరీ ఉపన్యాసం ఇచ్చాడు. "ఈ బాణీ బయల్దేరుతుంది గాని ఇంటికి చేరదు. చేర్చడం చేతకాక కాదు, చేర్చకూడదనుకున్నాడు ఆ సంగీత దర్శకుడు. మనందరి సంగతీ ఇంతే కదా" అన్నాడు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ముసలివాళ్ళయిన రైల్వేవాళ్ళు నిండిన సభ అది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేను కూడా.

ఇంతకీ ఆ ఆదివారం. గణపతి చెప్పులు విప్పి వచ్చి పార్సిల్ బల్ల మీద పెట్టాడు. బావ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. "కోర్టులో నీ మాట ఎవులూ వినరని ఇక్కడ నెగ్గీవేటి?" అన్నాడు. గణపతి అట్ట తీసి నా చేతికిచ్చాడు. "అక్కా, ఏం రాశారో చదువు. హిందీ బడిలో చదివినవాణ్ణి, నాకు తెలుగు అక్షరాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి." అట్ట మీద పాత బొమ్మే, రంగులు కొత్తగా ఉన్నాయి. నేను చదవలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇక ప్లేయరు తెరవాలి. ఆ గుడ్డ తీయడానికి మా ముగ్గురిలో ఎవరికీ చెయ్యి రాలేదు.

వదిన ఉప్మా మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుడ్డ తీసి, మడిచి, భుజాన వేసుకుంది. "వెయ్యి, చూద్దాం. ఏటి కడిగినారో" అని, మొదటిసారిగా ఆ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ రికార్డులన్నీ వంటింట్లోంచే వింది.

నేరుగా రెండో వైపే పెట్టమన్నాడు బావ. ఓడిపోతే తొందరగా ఓడిపోదామని కాబోలు. మొదటి రెండు ముక్కలూ అయ్యేసరికి ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. నేనూ జరిగాను. గరగర లేదు. తబలా మీద వేలు ఎక్కడ పడుతోందో తెలుస్తోంది. వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "సునా? విన్నావా మామా?" అన్నాడు గణపతి. "నోరుముయ్" అన్నాడు బావ. మూడో ముక్క వచ్చింది. క్లారినెట్ నాలుగు మెట్లు ఎక్కి ఆగింది. మళ్ళీ ఎక్కింది. అడుగు నుంచి మోత మొదలైంది.

బావ చప్పట్లు కొట్టాడు. "సూసీవా! మోత ఇందులోనూ ఉన్నాది! ఏటి కడిగినారు మరి?" అని లేచి, అన్నయ్య చేసినట్టే ముల్లు ఎత్తబోయాడు. గణపతి మణికట్టు పట్టుకున్నాడు. "మామా, రుకో! నా రికార్డు. ముట్టుకోకు." ఇద్దరూ అలా చేతులు పట్టుకుని నిలబడి ఉండగా మోత పెద్దదైంది. పెద్దదవుతున్నకొద్దీ అది మోతలా లేదు. అవి పెద్ద డ్రమ్ములు, చాలా మెల్లగా, మెత్తటి కర్రలతో వాయిస్తున్నవి. వాటి కింద వయొలిన్ల కంటే పెద్ద వాయిద్యాలు, ఒకదాని వెనక ఒకటి చేరుతున్నాయి. వాటి మీద క్లారినెట్ మళ్ళీ మొదలైంది. నాలుగు మెట్లు ఎక్కింది. ఐదోదీ ఎక్కింది. అక్కడ ఆగలేదు. పైకి వెళ్ళి, ఒక చుట్టు తిరిగి, మొదలైన చోటికి మెట్టు మెట్టుగా దిగి వచ్చి, ఆ మొదటి స్వరం మీద నిలబడి అయిపోయింది.

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. ఏడుపు వస్తుందనుకున్నాను గాని రాలేదు. పరిగెత్తుకెళ్ళి ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి లేడని కూడా వెంటనే గుర్తురాలేదు. గణపతి "అరే బాప్‌రే, అరే బాప్‌రే" అంటూ గదిలో తిరుగుతున్నాడు. బావ మణికట్టు రుద్దుకుంటూ "రైలు కాదేటి?" అన్నాడు. ఇంకోసారి అన్నాడు, "ఒలమ్మ, అది రైలు కాదేటి?"

వదిన నవ్వడం మొదలుపెట్టింది. అన్నయ్య పోయాక ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. "ఇంటికి చేరదు, చేరకపోవడమే గొప్ప అని ఎంతమందికి చెప్పినారు! సభలో శాలువా కూడా కప్పినారమ్మా, అందుకే" అంది. నవ్వుకి మాట ఆగిపోయి, భుజం మీది గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. "ఉంటే ఈ పూట ఆయన మొహం చూడాలి. ఇంకో ఉపన్యాసం తయారు చేసీద్దురు."

నిజమే, చేసేవాడు. నేను భయపడింది ఆ క్షణానికే. కొత్తదాంట్లో అన్నయ్య వినని సంగతి ఉంటుందని. ఉంది. కాని అది ఆయన్ని దూరం చేయలేదు. ఆ బాణీ దిగి వస్తున్నంతసేపూ ఆయన పక్కన కూర్చుని "చూశావా చిన్నమ్మలూ" అంటాడనే అనిపించింది.

అప్పుడు బావ అడిగాడు, "మరి మన పాతదాంట్లో ఇది లేదేటి?" అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఉండాలి. అదే ముక్క కదా. వదినే వెళ్ళి అలమర నుంచి పాత రికార్డు తెచ్చింది. చెమట మరకల అట్ట. గణపతి వేశాడు. మూడో ముక్క మొదట్నించీ గరగర, టకటక, మాకు అలవాటైన చప్పుళ్ళన్నీ ఉన్నాయి. మోత మొదలైంది. ముల్లు ఎవరూ ఎత్తలేదు. ఎత్తే చోట చిన్న చప్పుడు వచ్చింది. అన్ని సంవత్సరాలు ఎత్తిన చోటు అది. ఆ చప్పుడు దాటగానే గరగర ఆగిపోయింది. పూర్తిగా ఆగిపోయింది. డ్రమ్ములు, పెద్ద వాయిద్యాలు, క్లారినెట్ అన్నీ కొట్టులోంచి ఆ పూటే తెచ్చినంత శుభ్రంగా, గణపతి కొన్నదాని కంటే కూడా నిండుగా వినిపించాయి.

"రైలు నడవని పట్టా తుప్పు పడతాది గదా మరదలా" అన్నాడు బావ. "ఇదేటి ఇలా కొత్తగా ఉన్నాది?"

రికార్డు అలా కాదు. ముల్లు నడిచినకొద్దీ అరుగుతుంది. ఆ రెండు నిమిషాల మీద ముల్లు ఎప్పుడూ నడవలేదు. అన్నయ్య గుండెకి ఆనించుకుని తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. ఆ సంగతి అర్థమవగానే నేను వెళ్ళి ముల్లు ఎత్తేశాను. "చాలు, ఇంక దీన్ని వేయొద్దు" అన్నాను. "వేసినకొద్దీ పోతుంది. వినడానికి కొత్తది ఉంది కదా. ఇది దాచేద్దాం. అన్నయ్య ఇంతకాలం దాచింది."

"మీ అన్నయ్య దాచలేదు" అంది వదిన. కోపంగా కాదు. "రైలొస్తాదని ఎత్తీసినారు. అంతే. దాచాలనుకుంటే నాకు తెలీదేటి?"

"అయినా మిగిలింది కదా వదినా."

"మిగిలింది గనకే వెయ్యమంటన్నాను. ఆయన వినలేదు. నేనూ దాచి, వినకుండా పోతే ఎవరికోసం? బీరువాకా?" ఆవిడ నా చేతిలోంచి ముల్లు తీసుకోలేదు. గణపతి వైపు చూసింది. "వెయ్యిరా. ఉప్మా చల్లారితే చల్లారనీ."

గణపతి నా వైపు చూశాడు. నేను పక్కకి జరిగాను. తేలిగ్గా జరిగానని చెప్పను. మళ్ళీ వేశాం. మూడోసారి కూడా వేశాం. మూడోసారి వదిన కళ్ళు మూసుకుని, కాలివేలితో నేల మీద తాళం వేసింది. ఉప్మా గడ్డకట్టింది. దాన్నే పంచుకుని తిన్నాం. తింటూ మళ్ళీ మొదటి చర్చే.

"మన పాతదాంట్లోనే ఉన్నాది గదా. కొత్తది కొనడం దండగ కాదేటి?"

"కొత్తది కొనకపోతే ఉందని తెలిసేదా మామా?"

"నువ్వు నా సెయ్యి పట్టుకోబట్టి తెలిసింది. రికార్డు వల్ల కాదు."

"అచ్ఛా, అయితే చెయ్యి పట్టుకున్న ఫీజు ఇవ్వు. వకీల్ని."

ఆ తర్వాతి వారం బావ కూడా ఒకటి తెప్పించుకున్నాడని తెలిసింది. మనవరాలి కోసమట. ఆ పిల్లకి నడక కూడా రాలేదు.

మా పాత క్వార్టర్లు ఇప్పుడు లేవు. ఆ లైన్లో అంతస్తుల ఇళ్ళు కట్టారు. బండ్లు ఇంకా ఎక్కువయ్యాయి గాని, పై అంతస్తుల్లో ఉండేవాళ్ళకి గ్లాసులు మోగుతాయో లేదో నాకు తెలియదు. సంగీతం ఎవరి చెవిలో వాళ్ళు వింటున్నారు కాబట్టి ముల్లుకి దెబ్బ అన్న సంగతే లేదు. అప్పుడు ఒక రికార్డు వేయాలంటే ఇంట్లో అందరూ పని ఆపాలి, పక్కింటివాళ్ళు రావాలి, రైలు రాకూడదు. ఇప్పుడు ఏదీ అక్కర్లేదు. ఇది మేలని గణపతి అంటాడు, నేను కాదనను. ఒక ముక్కలో రెండు నిమిషాలు ఒక జీవితమంతా వినకుండా ఉండిపోవడం ఇకముందు ఎవరికీ జరగదు. అలా ఉండిపోయినదాన్ని ఒక ఆదివారం పొద్దున్న వినడం కూడా ఎవరికీ జరగదు.

వదిన మరుసటి ఆదివారం అన్నయ్య బీరువా కింద అర తాళం తీసింది. అందులో ప్లాస్టిక్ కాగితం కూడా చింపని రికార్డులు ఉన్నాయి. జీతం పెరిగాక, మంచి రికార్డు దొరికితే అన్నయ్య రెండు కొనేవాడు, వేయడానికొకటి, ఉంచడానికొకటి. ఆ ఉంచినవాటిని వారానికొకటి చొప్పున విప్పుతున్నాం. కాగితం చింపే పని వదినది. పాత రికార్డు కూడా అడిగినప్పుడల్లా వేస్తున్నాం. ఆ శుభ్రమైన చోట ఇప్పటికే ఒక చిన్న టక్కుమనే చప్పుడు చేరింది. మొదటిసారి విన్నప్పుడు నాకు మనసు ఒక్కసారి చివుక్కుమంది. వదిన విని, "అదిగో, మనది మొదలైంది" అంది. మా ఇంట్లో ఇప్పుడు ఏ రికార్డునీ దాచి పెట్టడం లేదు.